తూము నుంచి కొసమడి దాకా

హనుమకొండ నుంచి కరీంనగర్ పోయే దారిలో హసన్‌పర్తి దాటాక, మెయిన్ రోడ్డు దిగి లోపలికి పోతే మా ఊరు. ఊరికి పడమట చెరువు, చెరువు కింద వరి పొలాలు, పొలాలు దాటితే వాన మీద పండే చెలకలు. వరంగల్ చుట్టుపక్కల పాత ఊళ్లు చాలావరకు ఇట్లాగే ఉంటాయి. కాకతీయుల కాలం నుంచీ ఇక్కడ ముందు చెరువు, ఆ తర్వాతే ఊరు. మా చెరువు నిండి మత్తడి దూకితే ఆ మిగులు నీళ్లు కింది ఊరి కుంటలోకి, ఆ కుంట నిండితే ఇంకో చెరువులోకి పోయేవి. గొలుసుకట్టు చెరువుల గురించి బడిలో చదవకముందే మేం వాటిని కళ్లతో చూశాం.

చెరువు కింద ఎవరి పొలం ఎక్కడుందో చెప్పాలంటే సర్వే నంబర్లతో పని లేదు. తూము కింది మళ్లు, నడిమి మళ్లు, కొస మళ్లు అంటే సరిపోయేది. పెద్ద తూము నుంచి వచ్చే కాలువ చింతచెట్టు దగ్గర రెండుగా చీలి, ఒక పాయ నడిమి మళ్ల మీదుగా కొసకు పోయేది. మా బాపుకు నడిమి మళ్లల్లో నాలుగెకరాలు, చిన్నాయినకు కొస మళ్లల్లో మూడెకరాలు. తాత పంపకాలు చేసినప్పుడు, కొసకు నీళ్లు ఆలస్యంగా అందుతాయని చిన్నాయినకు చెలకలో ఒక ఎకరం ఎక్కువ ఇచ్చాడట. నీళ్లు ఎంత దూరం నడిచి వస్తాయన్నదాన్ని బట్టి భూమికి విలువ కట్టిన రోజులు అవి.

నీళ్లు వదలడం నీరటి పని. భుజాన పార, మోకాళ్ల దాకా బురద, చేతిలో బీడీ. ఆయన తాతల నాటి నుంచీ వాళ్లింటికి అదే పని. ఏ రాత్రి ఎవరి మడికి నీళ్లు పారాలో ఆయన నోటి లెక్కలోనే ఉండేది. మా బాపు ఒకసారి తొందరపడి గండి తానే కొడితే, ఆయన వచ్చి ఏమీ అనకుండా మట్టి వేసి మూసి, "పటేలా, కొస మళ్లు ఇంకా తడువలె" అని పోయాడు. బాపు మారు మాట్లాడలేదు. కల్లం దగ్గర వడ్లు కొలిచేటప్పుడు నీరటి వంతు తీసి పక్కన పోసిన తర్వాతే మా బస్తాలు కుట్టేవాళ్లు. వడ్రంగి, కమ్మరి, మంగలి, చాకలి, అందరి వంతులూ అట్లాగే వడ్లరాశిలోంచి పోయేవి.

నాకు ఎక్కువ గుర్తున్నది చెరువు నిండని ఏడాది సంగతి. యాసంగి, అంటే రబీ పంట ముందు పెద్దవాళ్లు కట్ట మైసమ్మ దగ్గర కూర్చుని చెరువులో ఎన్ని నీళ్లున్నాయో చూసి, ఎవరు ఎంత నాటెయ్యాలో తేల్చుకునేవాళ్లు. నీళ్లు సగమే ఉంటే పైవాళ్లు మొత్తం వేసుకుని కొసవాళ్లు ఎండబెట్టుకోవడం ఉండేది కాదు. అందరూ తలా కొంత వేసేవాళ్లు. దాని మీద కొట్లాటలు కూడా అయ్యేవి, కాలేదని చెప్పను. ఒకరి గెట్టు ఒకరు చెక్కుకోవడం, ఆడవాళ్లు ఒరాల మీద నిలబడి తిట్టుకోవడం అన్నీ ఉండేవి. కానీ అందరి నోట్లోకీ పోయే నీళ్లు ఒకటే కాబట్టి, మాటలు బందయినా మళ్లీ కలవక తప్పేది కాదు.

నాట్ల రోజులంటే అవ్వ తెల్లారకముందే అన్నం వండి గంపకెత్తేది. పచ్చి మిర్చి, పచ్చి పులుసు, ఉల్లిగడ్డ. కైకిలి వచ్చే ఆడవాళ్లు వరుసగా వంగి నాటేస్తూ పాట అందుకుంటే అవతలి మడిలో వాళ్లు ఎత్తుకునేవాళ్లు. మా పిల్లల పని నారుకట్టలు విసరడం. అసలు పని మాత్రం పిల్లకాలువలో పరకలు, ఎండ్రికాయలు పట్టడం. మత్తడి దూకిన ఏడాది కొర్రమట్టలు మళ్లల్లోకి ఎక్కేవి, ఆ రాత్రి వాడంతా చేపల పులుసు వాసన.

బాపు మొదట్లో తెల్లహంస వేసేవాడు. తర్వాత వరంగల్ ములుగు రోడ్డులోని వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఎర్రమల్లెలు వేశాడు, ఆ తర్వాత వరంగల్ సన్నాలు. మన దగ్గర పుట్టిన వడ్లు అని ఆయనకు ఆ రెండింటి మీదా ప్రేమ. ఎర్రమల్లెలు వండిన రోజు అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని ఒక నిమిషం ఆగి, "మన మట్టిదే" అనేవాడు. సాంబమసూరి బియ్యం బాగుంటాయని ఎవరైనా అంటే ఒప్పుకునేవాడు, కానీ మనసారా ఒప్పుకునేవాడు కాదు.

పొలాల సంగతి అందరూ చెబుతారు, చెలకల సంగతి ఎవరూ అంతగా తలచుకోరు. మా చెలకల్లో నా చిన్నప్పుడు జొన్న, కంది, పెసర, నువ్వులు ఉండేవి. తర్వాత పత్తి వచ్చి అన్నిటినీ మింగేసింది. 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి రైతులు పురుగుల మందు తాగి చనిపోయిన రోజులు మా ఊరివాళ్లెవరూ మరచిపోలేదు. వ్యవసాయం మీద నమ్మకం మొదట పగిలింది అప్పుడేనని నేననుకుంటాను. భూమి అమ్మడం తర్వాత వచ్చిన మాట, భూమి మీద విరక్తి ముందే వచ్చింది.

చెలకలు మాకిచ్చిన ఇంకో పంట బతుకమ్మ పువ్వు. గునుగు ఎవరూ విత్తేది కాదు, పెసర కోసిన చేన్లలో, గెట్ల పొంట దానంతటదే తెల్లగా లేచేది. తంగేడు బాటల పక్కన. బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస పొద్దున అన్న, నేను, పక్కింటి పిల్లలు సంచులు పట్టుకుని పోతే పొద్దెక్కేసరికి నిండా పువ్వు. ఎవరి చేనులో కోసినా ఎవరూ అడ్డుకునేవాళ్లు కాదు, "కందిచెట్లు తొక్కకుండ్రి" అని ఒక కేక వేసేవాళ్లు, అంతే. ఇప్పుడు మా ఊళ్లోనే గునుగు కట్టలు ఆటోలో తెచ్చి అమ్ముతున్నారు. మా కోడలు హనుమకొండ మార్కెట్ నుంచి కొనుక్కుని పోయి మా ఊరి బతుకమ్మ పేర్చింది. అవ్వ ఆ పూల ధర విని చాలాసేపు నమ్మలేదు.

మార్పు ఒక్కరోజులో రాలేదు. శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ మా వైపు రావడం మంచిదే అయింది, చెరువుకు మరో దిక్కు దొరికింది. బోర్లు వచ్చాయి, కరెంటు మోటార్లు వచ్చాయి. కానీ హనుమకొండ మెల్లమెల్లగా భీమారం దాటి, చింతగట్టు దాటి మా దిక్కు నడిచి వచ్చింది. ముందు రోడ్డు పక్కన ఒక కాలేజీ, తర్వాత ఒక ఫంక్షన్ హాలు, తర్వాత పెట్రోల్ బంకు. 2016 అక్టోబరులో పాత వరంగల్ జిల్లాను ముక్కలు చేసి కొత్త జిల్లాలు ఏర్పాటు చేశాక భూముల మాట ఊపందుకుంది. అప్పటిదాకా లక్షల్లో పలికిన ఎకరం కోట్ల దాకా పోయింది. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. ఎకరాల్లో కొని గజాల్లో అమ్మే లెక్క మా ఊరి చాయ్ హోటల్లో పదేళ్ల పిల్లలకు కూడా వచ్చేసింది.

మా చెరువు కింద మొదటి ఇళ్ల ప్లాట్ల వెంచర్ నడిమి మళ్లల్లో పడింది. అది రోడ్డుకు దగ్గర. అమ్మినాయన పట్నంలో స్థిరపడ్డ పెద్ద రైతు, ఆయనకు ఆ పొలంతో పని లేదు. ఆయన్ని తప్పుపట్టను. కానీ అక్కడ ఏం జరిగిందో వివరంగా చెప్పాలి, ఎందుకంటే బయటివాళ్లకు ఇది కనిపించదు.

ప్లాట్లు వేసేవాళ్లు ముందు మొరం పోసి నేలను లేపుతారు. పొలం లోతట్టు కాబట్టి రోడ్డు మట్టానికి రావాలంటే టిప్పర్లకు టిప్పర్లు మొరం కావాలి. ఆ మొరం కింద ముందుగా పోయేది గెట్లు, తర్వాత పిల్లకాలువ. కొస మళ్లకు నీళ్లు పోయే పాయ ఆ ప్లాట్ల అంతర్గత రోడ్డు కింద మూసుకుపోయింది. కాలువ ఎవరి పట్టాలోనూ లేదు, అది అందరిదీ. అందుకే ఎవరూ అడ్డం పోలేదు. ఆ యాసంగిలో కొస మళ్లు ఎండాయి. తూము కింది మళ్లకు దీనికి వ్యతిరేకమైన కష్టం వచ్చింది: వానాకాలంలో నీళ్లు కిందికి పోయే దారి లేక నిలిచి, పొట్ట మీదున్న వరి మురిగింది. నడుమ ఒక్క తావు మూస్తే పైన మునిగింది, కింద ఎండింది.

తర్వాత ఏడాది కొస మళ్ల వాళ్లలో ఇద్దరు అమ్మారు. నీళ్లు రాని పొలాన్ని పెట్టుకుని ఏం చేస్తారు? వాళ్లు అమ్మాక బాట మూసుకుపోయింది. ఇప్పుడు వరి కోసేది హార్వెస్టర్. అది లోపలికి రావాలంటే నాలుగు మళ్ల మీదుగా రావాలి. మునుపు ముందు కోసిన వాళ్ల మడిలోంచి తర్వాతివాళ్ల మడిలోకి దిగేది. ప్లాట్ల చుట్టూ ప్రహరీ వచ్చాక యంత్రం రాలేదు, చేత్తో కోయడానికి మనుషులు దొరకలేదు. ట్రాన్స్‌ఫార్మర్ సంగతి ఇంకోటి. పది మోటార్లున్నప్పుడు అది కాలిపోతే తలా కొంత వేసుకుని బాగు చేయించేవాళ్లు. ముగ్గురే మిగిలాక ఆ ఖర్చంతా ముగ్గురి మీదే. అమ్ముడుపోని ప్లాట్లలో సర్కారు తుమ్మ మొలిచి అడవి పందులకు చోటిచ్చింది. చెట్లు కొట్టేసిన గుట్టల నుంచి కోతులు దిగాయి. పందులు వడ్లు తొక్కుతాయి, కోతులు మక్కకంకులు విరుస్తాయి. ఒక రైతు అమ్మితే పక్క రైతుకు పొలం చేయడం కష్టమవుతుంది, ఆయన అమ్మితే ఆ పక్కాయనకు. నాలా కాగితం, అంటే పొలాన్ని వేరే పనికి వాడుకోవచ్చనే అనుమతి, వచ్చేది చివర్లో. పొలం అంతకు చాలాముందే పొలం కాకుండా పోతుంది.

ఆ కాగితం సంగతి కూడా నాకు దగ్గరగా తెలిసింది బాపు అమ్మినప్పుడే. వ్యవసాయ భూమిని వేరే పనికి వాడాలంటే అనుమతి తీసుకోవాలని 2006లో చట్టం వచ్చింది. అంతకు ముందు 1963 నాటి వ్యవసాయేతర భూముల పన్ను చట్టం, ఇంగ్లీషు పొడి అక్షరాల్లో నాలా, ఉండేది, దాని పేరే ఇప్పటికీ జనం నోట్లో నిలిచింది. 2006 చట్టం ప్రకారం మొదట భూమి మూల విలువలో 10 శాతం మార్పిడి పన్ను కట్టాలి, అనుమతి లేకుండా మారిస్తే పన్ను మీద ఇంకో 50 శాతం జరిమానా. తర్వాత పన్ను బాగా తగ్గించారు. అప్పట్లో ఆర్డీవో ఇచ్చే అనుమతి, 2020 అక్టోబరు చివర్లో భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చాక తహసీల్దార్ ఆఫీసులోనే స్లాట్ బుక్ చేసుకుని అయిపోయే పనిగా మారింది.

బాపు రెండెకరాలు అమ్మాడు. తమ్ముడి చదువు అప్పు, అవ్వ ఆపరేషన్, ఆయన మోకాళ్లు, పైన చెప్పిన ట్రాన్స్‌ఫార్మర్, అన్నీ కలిశాయి. బయానా తీసుకున్న రోజు ఆయన మొహం మామూలుగానే ఉంది. దరఖాస్తు కొనేవాళ్లే నింపారు, ఫీజు వాళ్లే కట్టారు. బాపు వేలిముద్ర వేసి వచ్చాడు. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి, "ఇది చెరువు కింది పొలమా, చెలకనా అని ఒక్కలు అడుగలె బిడ్డా. కాలువ ఎక్కడికెళ్లి పోతదని కూడ అడుగలె. వేలు పెట్టమన్నరు, పెట్టిన" అన్నాడు. నాకు చాలా కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. అమ్మినందుకు కాదు. ఒక పొలం మారితే దాని కింది పొలాలు ఏమవుతాయో అడిగే గడి ఆ దరఖాస్తులో లేనందుకు.

డబ్బు వచ్చింది, అప్పులు తీరాయి, ఇల్లు స్లాబు వేశారు. ఇవన్నీ నిజమే, వాటిని తక్కువ చేయను. భూమి అమ్ముకుని పిల్లల్ని చదివించుకున్న రైతును నిందించే హక్కు పట్నంలో కూర్చున్న నాకు అసలే లేదు. కానీ అమ్మినవాళ్లకు డబ్బైనా వచ్చింది, ఆ మళ్లల్లో నాట్లేసిన ఆడవాళ్లకు ఏమీ రాలేదు. మా అవ్వతో పాటు పాట అందుకున్నవాళ్లు ఇప్పుడు చీకటితోనే ఆటో ఎక్కి పరకాల దిక్కు పత్తి ఏరడానికి పోతున్నారు, లేదా హనుమకొండలో అపార్ట్‌మెంట్ల దగ్గర ఇటుకలు మోస్తున్నారు. కౌలుకు చేసుకున్నాయన పేరు ఏ కాగితంలోనూ లేదు, అమ్మకం సంగతి ఆయనకు చివర్న తెలిసింది. రైతుబంధు 2018లో మొదలైనప్పుడూ ఆయనకు రాలేదు, పట్టా ఉన్నవాళ్లకే వచ్చింది. ఊరు భూమి కోల్పోయిందని అంటాం గానీ, భూమి లేనివాళ్లు కోల్పోయిన పనిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

2022లో వరంగల్ ఔటర్ రింగు రోడ్డు పొంట ల్యాండ్ పూలింగ్, అంటే రైతుల భూములన్నీ కలిపి తీసుకుని ప్లాట్లు చేయడం అన్నారు. 27 ఊళ్లు, 21 వేలకు పైగా ఎకరాలు. మా ఊరు అందులో లేదు గానీ మేనత్త వాళ్ల ఊరు ఉంది. అత్త ఫోన్లో ఏడ్చింది, మరుసటి రోజు నుంచి ఏడుపు మానేసి ధర్నాలో కూర్చుంది. ఊళ్లకు ఊళ్లు కదిలాయి, సర్వేకు వచ్చినవాళ్లను నిలబెట్టి అడిగాయి, రోడ్డు మీద బైఠాయించాయి. మే నెలలో ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. ఆ రోజు అత్త గొంతులో సంతోషం విని నాకు మా ఊరు గుర్తొచ్చింది. అక్కడ ఒకే ఉత్తర్వులో అందరి పేర్లూ కలిసి వచ్చాయి కాబట్టి అందరూ కలిసి నిలబడ్డారు. మా చెరువు కింద భూమి ఒక్కొక్క గెట్టు చొప్పున, ఒక్కొక్క ఇంటి అవసరం చొప్పున పోయింది. ఎవరి మీద ధర్నా చేయాలి? అందుకే పెద్ద ప్రాజెక్టుల కంటే నాకు ఈ చిన్న చిన్న మార్పిళ్లే ఎక్కువ భయం.

నీళ్లు మాత్రం తమ దారిని మరచిపోలేదు. 2020 ఆగస్టు వానలకు హనుమకొండలో, వరంగల్‌లో కాలనీలకు కాలనీలు మునిగినప్పుడు మా చెరువు మత్తడి కూడా దూకింది. ఆ నీళ్లు పాత నడిమి మళ్ల దగ్గరికే వచ్చాయి, అక్కడ ఇప్పుడు ఇళ్లున్నాయి. రూపాయి రూపాయి కూడబెట్టి ప్లాటు కొనుక్కుని ఇల్లు కట్టుకున్న ఒక టీచరమ్మ నడుములోతు నీళ్లలో బియ్యం డబ్బా ఎత్తుకుని నిలబడింది. ఆమె చేసిన తప్పేముంది? ఆమెకు అమ్మినవాళ్లు అది మడి అని చెప్పలేదు. 2023 జులై వానలకు వరంగల్ భద్రకాళి చెరువు కట్టకే గండి పడింది. మేడలు ఎన్ని లేచినా ఈ నేల చెరువుల నేలే.

అవ్వ ఇప్పుడు బియ్యం కొంటుంది. సంచి మీద ఏదో బొమ్మ ఉంటుంది, ఆమె దాన్ని చదవలేదు. అన్నం వండి ప్రతిసారీ "ఇది ఏ ఊరి వడ్లో" అంటుంది. బాపు ఏమీ అనడు. మిగిలిన రెండెకరాల్లో నీళ్ల భరోసా లేక మక్క వేస్తున్నాడు.

చిన్నాయిన మాత్రం అమ్మలేదు. కొస మళ్లల్లో ఇప్పుడు ఆయన, ఇంకో ఇద్దరు మిగిలారు. ఆయన పాత గ్రామ నక్ష తీయించాడు. అందులో ఆ పాయ చింతచెట్టు నుంచి కొస దాకా గీత గీసినట్టు కనిపిస్తోంది. ప్లాట్ల వాళ్లలో ఇళ్లు కట్టుకున్నవాళ్లతోనూ మాట్లాడాడు. వాన వస్తే మునిగేది వాళ్లే కాబట్టి, ఆ టీచరమ్మ అందరికంటే ముందు సంతకం పెట్టింది. రైతులు, ప్లాట్ల వాళ్లు కలిసి కలెక్టరేటులో సోమవారం జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో దరఖాస్తు ఇచ్చారు. వాళ్లు అడిగింది రోడ్డు తవ్వి పారేయమని కాదు. నక్షలో ఉన్న చోట రోడ్డు కింద పైపులు వేసి, పైన మూసిన కాలువను మళ్లీ తీయమని. సర్వేయర్ వచ్చి కొలతలు వేసి పోయాడు, ఎవరి నిధుల్లోంచి చేయాలన్న దగ్గర ఫైలు ఆగింది. నీటిపారుదల వాళ్లు పంచాయతీ వైపు చూపిస్తున్నారు, పంచాయతీ వాళ్లు నీటిపారుదల వైపు.

మీ ఊళ్లో ఎక్కడైనా ఇట్లా మూసుకుపోయిన పిల్లకాలువను మళ్లీ తెరిపించుకుని ఉంటే, ఏ ఆఫీసులో, ఏ పద్దు కింద చేయించుకున్నారో దయచేసి చెప్పండి. రోహిణి కార్తెలోగా తెలిస్తే చిన్నాయిన ఈ వానాకాలానికి నారు పోస్తాడు.